సైన్యం నుంచి వచ్చాక బ్యాంకు, బీమా సేవల్లో స్థిరపడటం ఎలా

పదిహేను, పదిహేడేళ్లు సర్వీసు చేసి పెన్షన్‌తో ఇల్లు చేరే జవానుకు చాలాసార్లు నలభై ఏళ్లు కూడా నిండి ఉండవు. పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉంటారు, ఇంటి అప్పు సగం మిగిలి ఉంటుంది, ఒంట్లో మరో ఇరవై ఏళ్లు పని చేయగల సత్తువ ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అలాంటివారికి అన్నిటికంటే ముందు ఎదురయ్యేది కాపలా పని: కృష్ణపట్నం వైపు కంపెనీల గేట్లు, రొయ్యల చెరువులు, చీమకుర్తి క్వారీలు, ఏటీఎంలు. ఆ పనిలో తక్కువతనం ఏమీ లేదు. అయితే చదువూ ఓపికా ఉండి కూడా, వేరే దారి ఉందని తెలియక అక్కడే ఆగిపోయేవారిని చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకితో నిలబడే మాజీ సైనికుడికి అదే బ్యాంకులో కౌంటరు వెనక కూర్చుని ఖాతాదారులకు సేవ చేసే అవకాశాన్ని కూడా ప్రభుత్వ నిబంధనలే కల్పించాయి. ఆ అవకాశాన్ని ఎప్పటి నుంచి, ఏ క్రమంలో అందుకోవాలో, ఆ పనిలో తృప్తి ఎక్కడ దొరుకుతుందో ఇక్కడ వివరిస్తాను.

ఏయే పనులు ఉన్నాయి

ఆర్థిక సేవల్లో సహాయక ఉద్యోగం అంటే, డబ్బు విషయంలో జనానికి వచ్చే చిక్కులను విప్పి, వారి పని పూర్తి చేసి పంపే ఉద్యోగం. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఇంతకాలం క్లర్కు అని పిలిచిన పోస్టును, బ్యాంకు ఉద్యోగాలకు ఉమ్మడి పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ సంస్థ 2025 నుంచి కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటోంది. స్టేట్ బ్యాంకులో అదే స్థాయి ఉద్యోగం జూనియర్ అసోసియేట్. గ్రామీణ బ్యాంకులో ఆఫీస్ అసిస్టెంట్. ఇవి కాక ఊళ్లలో బ్యాంకు మిత్రగా పనిచేయవచ్చు, బీమా ఏజెంటుగా ఉండి పాలసీదారులకు క్లెయిముల దాకా తోడుండవచ్చు, సాయుధ గార్డుగా చేరవచ్చు.

గ్రామీణ బ్యాంకు గురించి మన ప్రాంతం వారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఒకప్పటి పినాకిని గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది. రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అనే ఒకే సంస్థ అయ్యాయి. పేరు ఎన్నిసార్లు మారినా ఉదయగిరి, కనిగిరి వంటి మెట్ట ప్రాంతాల రైతుకు బ్యాంకు అంటే ఇప్పటికీ ఆ శాఖే. పల్లెటూరి జనంతో పనిచేయాలనే కోరిక ఉన్నవారికి ఇంతకంటే తగిన చోటు లేదని నా అభిప్రాయం.

సైన్యం నేర్పినదానిలో ఏది పనికివస్తుంది

ఇంటర్వ్యూల్లోనూ దరఖాస్తుల్లోనూ మనవాళ్లు క్రమశిక్షణ, దేశభక్తి అని రాసి ఊరుకుంటారు. బ్యాంకుకు అంతకంటే నేరుగా పనికివచ్చే అలవాట్లు మీ చేతిలో ఉన్నాయి. కోత్‌లో, అంటే ఆయుధాలు భద్రపరిచే గదిలో, ఆయుధం ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు నంబరు చూసి రిజిస్టరులో సంతకం చేయించుకోవడం మీకు తెలుసు. బ్యాంకులో నగదు పెట్టె తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి. ఒకరు లేకుండా మరొకరు తెరవకూడదు. ఒకరు నమోదు చేసిన లావాదేవీని మరొకరు సరిచూసి ఆమోదించాలి. సాయంత్రం నగదు లెక్క రూపాయితో సహా సరిపోయేదాకా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. కొత్తగా డిగ్రీ పూర్తి చేసి చేరిన కుర్రవాడికి ఇదంతా చాదస్తంగా అనిపించవచ్చు. క్వార్టర్‌మాస్టర్ స్టోర్సులో లెడ్జరు రాసినవారికి, గార్డు డ్యూటీ మార్చుకునేటప్పుడు లెక్క అప్పగించినవారికి అది పాత అలవాటే. పాస్‌వర్డు పక్కవాడికి చెప్పకపోవడం, పై అధికారి నోటిమాటగా చెప్పినా కాగితం లేనిదే తాళం ఇవ్వకపోవడం వంటి చిన్న నియమాలే శాఖలను మోసాల నుంచి కాపాడుతాయి. దరఖాస్తులో గానీ ఇంటర్వ్యూలో గానీ ఈ వివరాలే చెప్పండి.

మార్చుకోవలసినవీ ఉన్నాయి. యూనిట్‌లో మాట పొట్టిగా, ఆదేశంలా ఉంటుంది. కౌంటరు ముందు నిలబడిన మనిషి మీ కింద పనిచేసేవాడు కాదు. అతను చెప్పేది సుత్తి లేకుండా రెండు ముక్కల్లో ఉండాలని ఆశిస్తే అసలు విషయం మీకు ఎప్పటికీ తెలియదు. అలాగే మీ బ్రాంచి మేనేజరు మీకంటే పదేళ్లు చిన్నవాడో, చిన్నదో అయి ఉండవచ్చు. సుబేదారుగా వందమందిని నడిపినవారికి ఇది మొదట్లో గుచ్చుకుంటుంది. ర్యాంకును డిశ్చార్జ్ బుక్‌లో వదిలి, పని నేర్చుకునే కొత్తవారిగా శాఖలో అడుగుపెట్టగలిగినవారే అక్కడ త్వరగా కుదురుకుంటారు.

డిశ్చార్జికి రెండేళ్ల ముందే మొదలుపెట్టండి

ఇంటికి వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఒకటి రెండేళ్లు ఊరికే కరిగిపోతాయి. సర్వీసులో ఉండగానే చేయవలసిన పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది రికార్డుల్లో పేర్లు సరిచేయించుకోవడం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, బడి సర్టిఫికెట్‌లో అది ఒక్క అక్షరంగా ఉంటుంది, సైన్యం రికార్డులో విడదీసి చివర రాస్తారు, ఆధార్‌లో మరొక తీరు, పాన్‌లో ఇంకొక తీరు. ఉద్యోగానికి ధృవపత్రాలు పరిశీలించే రోజున ఈ తేడాలే అడ్డం వస్తాయి. భార్య పేరు, పుట్టిన తేదీల్లో తేడా ఉంటే రేపు కుటుంబ పెన్షన్ దగ్గర ఆమె ఇబ్బంది పడుతుంది. యూనిట్‌లో ఉండగా, సర్వీసు రికార్డులో మార్పును నమోదు చేసే పార్ట్ టూ ఆర్డరు వేయించుకుంటే తీరిపోయే పని, బయటికి వచ్చాక రికార్డ్స్ ఆఫీసుకు నెలల తరబడి ఉత్తరాలు రాసే పనిగా మారుతుంది.

రెండోది విద్యార్హత. క్లర్కు స్థాయి పోస్టులకు డిగ్రీ కావాలి. అయితే ఐబీపీఎస్ ప్రకటనలో మాజీ సైనికులకు ఒక మినహాయింపు ఉంది. డిగ్రీ లేకపోయినా, పదో తరగతి పాసై, ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ గానీ నేవీ, వైమానిక దళాల్లో దానికి సమానమైన సర్టిఫికెట్ గానీ పొంది, 15 ఏళ్లకు తక్కువ కాకుండా సర్వీసు చేసినవారు అర్హులు. ఆ సర్టిఫికెట్ మీద తేదీ ప్రకటనలో చెప్పిన గడువుకు ముందుది అయి ఉండాలి. కాబట్టి దాన్ని సర్వీసులోనే తీసుకుని దగ్గర పెట్టుకోండి. గ్రామీణ బ్యాంకుల ప్రకటన వేరుగా వస్తుంది. దాని అర్హతల పేరాను విడిగా చదవండి.

మూడోది శిక్షణ. రక్షణ శాఖ కింద ఉన్న డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్, అంటే అందరూ డీజీఆర్ అనే సంస్థ, సర్వీసు చివరి దశలో ఉన్నవారికి పునరావాస కోర్సులు నడుపుతుంది. జేసీఓలు (సుబేదారు వంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), ఇతర ర్యాంకుల వారు ఫీజు కట్టనక్కరలేదు. కోర్సుల జాబితాలో కంప్యూటరు, బ్యాంకింగ్, బీమాలకు సంబంధించినవి ఉంటే వాటికే పేరు ఇవ్వండి. ఊరికి దగ్గరగా జరుగుతుందనే కారణంతో సంబంధం లేని కోర్సు తీసుకోవద్దు.

ఇంటికి చేరిన వెంటనే నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఉన్న జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకుని, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు తీసుకోండి. గార్డు పోస్టులతో సహా కొన్ని ఖాళీలకు బ్యాంకులు ఈ కార్యాలయాల ద్వారానే పేర్లు అడుగుతాయి. 2022 నాటి జిల్లాల విభజన వల్ల కొన్ని మండలాలు ఒక జిల్లా నుంచి మరొక జిల్లాకు మారాయి గనుక, మీ రికార్డు ఏ కార్యాలయంలో ఉండాలో ముందే అడిగి తెలుసుకుంటే రెండుసార్లు తిరిగే బాధ తప్పుతుంది. బీసీ కులాల వారు కేంద్ర ప్రభుత్వ నమూనాలోని ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌నే తీసుకోవాలి. రాష్ట్ర నమూనాలో ఉన్నది బ్యాంకు ఉద్యోగాలకు చెల్లదు.

మీ సిబిల్ నివేదికను కూడా ఒకసారి తెప్పించి చూసుకోండి. స్నేహితుడి కోసం జామీను ఉన్న అప్పు, మరచిపోయిన క్రెడిట్ కార్డు బాకీ అందులో కనిపిస్తాయి. బ్యాంకు ఉద్యోగంలో చేరేవారి అప్పుల చరిత్ర శుభ్రంగా ఉండాలని ప్రకటనల్లోనే రాస్తున్నారు.

రిజర్వేషన్, వయసు, పరీక్ష

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్కు స్థాయి పోస్టుల్లో 14.5 శాతం, వాటికి కింది స్థాయి పోస్టుల్లో 24.5 శాతం మాజీ సైనికుల కోటా ఉంది. ఇందులో 4.5 శాతం యుద్ధంలో వికలాంగులైన మాజీ సైనికులకు, సైనిక చర్యల్లో అమరులైన సైనికుల కుటుంబ సభ్యులకు కేటాయించినది. క్లర్కు పోస్టుకు మామూలుగా గరిష్ఠ వయసు 28 ఏళ్లు. మాజీ సైనికులకు సైన్యంలో చేసిన సర్వీసు మొత్తాన్నీ, దానికి తోడు మరో 3 ఏళ్లనూ కలిపి సడలింపు ఇస్తారు. అయితే వయసు 50 దాటకూడదు. ఏడాదిలోపు డిశ్చార్జి కాబోతున్నవారు కూడా తగిన ధృవపత్రంతో దరఖాస్తు చేయవచ్చు. దరఖాస్తు రుసుములో కూడా రాయితీ ఉంది.

ఐబీపీఎస్ ఏటా జనవరిలో పరీక్షల క్యాలెండరు ప్రకటిస్తుంది. అది చూసి సంవత్సరం మొత్తానికి ప్రణాళిక వేసుకోండి. క్లర్కు ప్రిలిమ్స్‌లో గంట సమయంలో 100 ప్రశ్నలు ఉంటాయి: ఇంగ్లిషు 30, లెక్కలు 35, రీజనింగ్ 35. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఇంగ్లిషు తప్ప మిగిలిన భాగాలను తెలుగులో రాయవచ్చు. ప్రతి విభాగంలోనూ కనీస మార్కులు రావాలి, మెయిన్స్ తర్వాత ఇంటర్వ్యూ లేదు. మాజీ సైనికుల కటాఫ్ తరచూ తక్కువగానే ఉంటుంది. అయినా చాలామంది ఒక విభాగంలో, ముఖ్యంగా ఇంగ్లిషులో, వెనకబడి పోగొట్టుకుంటారు. పదిహేనేళ్లుగా లెక్కల పుస్తకం ముట్టనివారు మొదట శాతాలు, నిష్పత్తులు, వడ్డీ, సగటు అనే నాలుగు అధ్యాయాలను పదో తరగతి పుస్తకంతోనే తిరగేసి, ఆ తర్వాతే గడియారం పెట్టుకుని మాదిరి పరీక్షలు రాయడం మంచిది. తెల్లవారుజామున లేచే అలవాటు మీకు ఎలాగూ ఉంది. ఆ రెండు గంటలు దీనికే ఉంచండి. కావలి, ఒంగోలు కోచింగ్ సెంటర్లలో ఇరవై రెండేళ్ల పిల్లల పక్కన కూర్చోవడానికి మొహమాటపడవద్దు.

గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంటు పరీక్ష మనవారికి మరింత అనుకూలంగా ఉంటుంది. అక్కడి ప్రిలిమ్స్‌లో రీజనింగ్, లెక్కలు మాత్రమే ఉంటాయి, ఇంగ్లిషు ఉండదు. మెయిన్స్‌లో ఇంగ్లిషుకు బదులు హిందీని ఎంచుకోవచ్చు. సైన్యంలో ఇన్నేళ్లూ హిందీలో బతికిన మనిషికి ఇది చిన్న వెసులుబాటు కాదు, కానీ దీన్ని వాడుకునేవారు తక్కువ. వ్యాకరణం, సామెతలు, అర్థగ్రహణం మాత్రం పుస్తకం పెట్టి చదవవలసిందే. మాట్లాడే హిందీ, పరీక్ష హిందీ ఒకటి కావు.

స్టేట్ బ్యాంకులో స్థానిక భాషా పరీక్ష ఉంటుంది. పదిలో గానీ పన్నెండులో గానీ తెలుగు చదివినట్టు మార్కుల పత్రం చూపిస్తే ఆ పరీక్ష అవసరం లేదు. ఉద్యోగం రాష్ట్రం మొత్తం మీద ఎక్కడైనా రావచ్చని కూడా ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. ఇన్నేళ్లు దూరంగా ఉండి వచ్చిన మనిషి మళ్లీ ఆదోనికో, పార్వతీపురానికో వెళ్లాలంటే ఇంటి వారికి అది చిన్న విషయం కాదు.

కోటా విషయంలో తెలియక నష్టపోయే ఒక నియమం ఉంది. మాజీ సైనికుడి కోటాలో ఒకసారి ప్రభుత్వ కొలువులో చేరితే, ఆ తర్వాత వేసే దరఖాస్తులకు ఆ కోటా వర్తించదు. అయితే చేరకముందే వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉంటే, చేరిన వెంటనే ఆ దరఖాస్తుల వివరాలను తేదీలతో సహా రాసి యజమాని సంస్థకు స్వీయ ప్రకటన ఇచ్చినవారికి ఆ పోస్టుల్లో కోటా నిలిచి ఉంటుంది. కేంద్ర సిబ్బంది శాఖ 2014 ఆగస్టు 14న ఇచ్చిన ఉత్తర్వు ఇదే చెబుతోంది. కాంట్రాక్టు పద్ధతిలోనో, తాత్కాలికంగానో చేసిన పని వల్ల ఆ హక్కు పోదు. అందువల్ల మొదటి ఉద్యోగంలో చేరే రోజునే ఆ కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

అగ్నివీరులుగా నాలుగేళ్లు చేసి వచ్చేవారికి పథకం నిబంధనల ప్రకారం మాజీ సైనికుడి హోదా రాదు. వారు ఈ కోటాను లెక్కలోకి తీసుకోకుండా, వయసు ఇంకా చేతిలో ఉంది గనుక డిగ్రీ పూర్తి చేసి సాధారణ పోటీకి సిద్ధపడటమో, కింద చెప్పే బ్యాంకు మిత్ర, బీమా దారులను ఎంచుకోవడమో చేయాలి.

ఊళ్లోనే ఉండాలనుకునేవారికి

బ్యాంకు మిత్ర అంటే శాఖ లేని ఊళ్లో బ్యాంకు తరఫున ఖాతాలు తెరిచి, డబ్బు జమ చేసుకుని, ఇచ్చే వ్యక్తి. రిజర్వు బ్యాంకు 2006లో ఈ ఏర్పాటును మొదలుపెట్టింది. 2008లో ఇచ్చిన అనుమతిలో, ఈ పనికి తీసుకోదగిన వ్యక్తుల్లో రిటైరైన బ్యాంకు ఉద్యోగులతో పాటు మాజీ సైనికులను పేరుపెట్టి చేర్చింది. ఐఐబీఎఫ్ అనే సంస్థ నిర్వహించే బ్యాంకు మిత్ర పరీక్ష పాసు కావాలి. దగ్గరలోని శాఖ మేనేజరును గానీ, జిల్లా లీడ్ బ్యాంకు కార్యాలయాన్ని గానీ అడిగితే ఖాళీగా ఉన్న ఊళ్లు తెలుస్తాయి.

దీనిలో రాబడి కమిషను మీద ఆధారపడుతుంది. మొదటి నెలల్లో అది చాలా స్వల్పం. పెన్షన్ ఉన్నవారు తట్టుకోగలరు, లేనివారు దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. కొంత సొంత డబ్బు తిప్పడానికి పెట్టాలి, నగదు తీసుకుని రోడ్డున వెళ్లాలి, ప్రతి సాయంత్రం లెక్క సరిచూసుకోవాలి. ఖాతాదారు నుంచి విడిగా రుసుం వసూలు చేయకూడదు, ప్రతి లావాదేవీకి రసీదు ఇవ్వాలి. మన జిల్లాల్లో ఈ పనికి మంచి నేల ఉంది. 1992లో దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు పల్లెల్లో పొదుపులక్ష్మి సంఘాలు వేళ్లూనాయి. ఈనాటికీ పొదుపు సంఘాల మహిళలు నెలనెలా డబ్బు కట్టి, అప్పు తీర్చుకుంటూ బ్యాంకుతో నిత్య సంబంధం పెట్టుకుని ఉన్నారు. వారికి ఒక రోజు కూలి పోకుండా ఊళ్లోనే పని పూర్తయితే, ఆ బ్యాంకు మిత్రకు ఆ ఊళ్లో దక్కే గౌరవం చిన్నది కాదు.

బీమా ఏజెంటుగా చేరడం ఇంకా సులువు. పదో తరగతి చదువు, 25 గంటల శిక్షణ, ఐసీ-38 అనే పరీక్ష ఉంటే చాలు. ఎల్ఐసీ డివిజనల్ కార్యాలయం నెల్లూరులోనే ఉంది. సులువుగా దొరికే పని కాబట్టే ఇందులో చెడు అలవాట్లూ సులువుగా వస్తాయి. మీతో పెన్షన్‌కు వచ్చిన తోటి జవాన్లకు చేతికందిన గ్రాట్యుటీని, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే) సొమ్మును మీరు నమ్మించి పొడవాటి పాలసీల్లో పెట్టిస్తే, ఆ తర్వాత వారి ముఖం చూడలేరు. పాలసీ కాగితం చేతికి వచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చని ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పండి. అమ్మకం కంటే క్లెయిము దగ్గర కనిపించే ఏజెంటుకే పదేళ్ల తర్వాత కూడా పని ఉంటుంది.

సాయుధ గార్డు ఉద్యోగం గురించి రెండు మాటలు చాలు. బ్యాంకు నేరుగా తీసుకునే గార్డు పోస్టూ, ఏజెన్సీ ద్వారా వచ్చే పనీ ఒకటి కావు. ఏజెన్సీ అయితే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందా, పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగినవారు ఎవరైనా సరే, వారితో మాట అక్కడితో ఆపేయండి.

కౌంటరు దగ్గర పని ఎలా చేయాలి

ఈ ఉద్యోగంలో సంతృప్తి దొరికే చోటు ఇదే గనుక కొంచెం వివరంగా చెబుతాను. ఒక పెద్దావిడ వచ్చి, “నాయనా, మా ఆయన పోయి ఆర్నెల్లయింది, మిలటరీ పించను డబ్బు పడలా” అంటుంది. ఏ కాగితాలు కావాలో గడగడ చెప్పి పంపేస్తే ఆమె మళ్లీ రాదు. “కూర్చోండమ్మా, ఆయన పీపీఓ, అదే పెన్షన్ మంజూరు కాగితం, ఇంట్లో ఉందా?” అని మొదలుపెట్టి, మరణ ధృవీకరణ పత్రం, ఆధార్, ఖాతా పుస్తకాల్లో ఆమె పేరు ఒకేలా ఉందో లేదో చూసి, స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ విధానంలో కుటుంబ పెన్షన్‌కు ఎలా తెలియజేయాలో ఒక కాగితం మీద వరసగా తెలుగులో రాసి ఇవ్వాలి. ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుందని, దాన్ని వేలిముద్రతో ఇక్కడికి దగ్గరలోనే ఇవ్వవచ్చని చెప్పాలి. డిశ్చార్జ్ బుక్ అంటే ఏమిటో, రికార్డ్స్ ఆఫీసు ఏ భాషలో జవాబిస్తుందో తెలిసిన మనిషి కౌంటరు వెనక ఉండటం సైనిక కుటుంబాలకు ఎంత బలమో ఆ శాఖలో మిగిలిన వారికి తెలియకపోవచ్చు. మీకు తెలుసు.

కొండపి, కందుకూరు వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మిన రైతుకు సొమ్ము ఖాతాలోకే వస్తుంది. కేవైసీ గడువు దాటి ఖాతా ఆగిపోతే సరిగ్గా అప్పు తీర్చవలసిన వారంలోనే అతను చిక్కుకుంటాడు. ప్రమాద స్థాయిని బట్టి ఖాతాలకు కేవైసీని 2, 8, 10 ఏళ్లకోసారి తాజా చేయాలి. వివరాలు ఏవీ మారకపోతే ఖాతాదారు స్వీయ ప్రకటన ఇస్తే చాలు. ఈ సంగతి వేలం సీజను మొదలుకాకముందే రైతులకు చెప్పే ఉద్యోగి, సీజనులో వచ్చే తగవులను ముందే తప్పించినవాడవుతాడు.

సముద్రంలో వేటకు వెళ్లి మునిగిపోయిన మత్స్యకారుడి కుటుంబం, అతని ఖాతాలో ఏడాదికోసారి 20 రూపాయలు తగ్గుతున్నది ఎందుకో తెలియక ఊరుకుంటుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. మునిగిపోయిన సందర్భంలో పోలీసులకు సమాచారం ఇచ్చినట్టు కాగితం ఉండాలి. ఖాతా మూసివేయడానికి వచ్చిన ప్రతి కుటుంబం విషయంలోనూ ఆ ఖాతా పద్దుల్లో 20 రూపాయలు, 436 రూపాయలు తగ్గాయా అని వెనక్కి తిరగేసి చూడటాన్ని అలవాటు చేసుకోండి. 436 రూపాయలది జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు వచ్చే పథకం. అదే సమయంలో నామినీ పేరు లేని ఖాతాలకు నామినీని రాయించండి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు.

మోసపోయి వచ్చినవారి విషయంలో మాత్రం నెమ్మది పనికిరాదు. ఫోనులో ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నానని ఎవరైనా వస్తే, ఎందుకు చెప్పావని నిలదీయకుండా ముందు ఖాతాను ఆపించి, 1930 నంబరుకు ఫోను చేయించి, రాతపూర్వక ఫిర్యాదు తీసుకుని నంబరు ఇవ్వండి. ఖాతాదారు తప్పేమీ లేకుండా బయటివారి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు తెలియజేస్తే అతనికి నష్టం ఉండదని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. ఖాతాదారే వివరాలు ఇచ్చి ఉంటే, అతను బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బు అతని మీదే పడుతుంది, ఆ తర్వాత పోయేది బ్యాంకు మీద పడుతుంది. అందువల్ల మీరు ఆలస్యం చేసే ప్రతి నిమిషానికీ విలువ ఉంది. పోలీసునని, సీబీఐ అని చెప్పి వీడియో కాల్‌లో నిర్బంధించే మోసగాళ్లు యూనిఫాం చూపించి భయపెడతారు. యూనిఫాంలో బతికిన మీరు, అలా ఫోనులో అరెస్టు చేసే పద్ధతి ఏ శాఖలోనూ లేదని చెబితే జనం నమ్ముతారు.

చేరిన మొదటి ఏడాది

చేరేటప్పుడు చివరి వేతన ధృవపత్రం, పీపీఓ, డిశ్చార్జ్ బుక్ నకళ్లు ఇచ్చి, మాజీ సైనికులకు వర్తించే వేతన స్థిరీకరణ (సైన్యంలో తీసుకున్న జీతాన్ని లెక్కలోకి తీసుకుని కొత్త జీతం నిర్ణయించడం) కోసం వెంటనే దరఖాస్తు పెట్టండి. చిన్న శాఖల్లో ఈ నిబంధన తెలిసినవారు తక్కువ. అదే బ్యాంకులో మీకంటే ముందు చేరిన మాజీ సైనికుడిని పట్టుకుంటే ఏ సర్క్యులరు ప్రకారం అడగాలో చెబుతాడు. సైనిక పెన్షన్ మీకు వస్తూనే ఉంటుంది. బ్యాంకు ఉద్యోగానికి మాత్రం జాతీయ పెన్షన్ విధానం వర్తిస్తుంది.

ఆరు నెలలు గడిచాక పని చేతికి వస్తుంది. అప్పుడు ఐఐబీఎఫ్ బ్యాంకు ఉద్యోగులకు నిర్వహించే జైబ్ (JAIIB) అనే వృత్తి పరీక్షకు పేరు ఇవ్వండి. అందులో నాలుగు పేపర్లు ఉంటాయి, పాసైతే జీతంలో అదనపు ఇంక్రిమెంటు వస్తుంది, తర్వాత దాని పై స్థాయి పరీక్ష కైబ్ (CAIIB) రాయవచ్చు, ఆఫీసరు పదోన్నతికి కూడా ఇవి ఉపకరిస్తాయి. నలభై ఏళ్లకు చేరినవారికి ఎదురుగా ఇంకా ఇరవై ఏళ్ల ఉద్యోగం ఉంటుంది గనుక ఆఫీసరు కావడం దూరపు మాట కాదు. ఆ పదోన్నతితో దూరపు బదిలీలు కూడా వస్తాయి. అందుకని కొందరు కౌంటరు దగ్గరే ఉండిపోవడానికి ఇష్టపడతారు. జైబ్ ఫలితం చేతికి వచ్చిన ఏడాదే ఇంట్లో కూర్చుని ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకుంటే, పదోన్నతి పరీక్షల ప్రకటన వచ్చినప్పుడు తొందరపడవలసిన అవసరం ఉండదు.